ఆర్చీ కుర్చీ

సాక్సులు రెండూ తొడుక్కున్నాక బూట్లు రెండూ వేసుకోవాలా, లేక ఒక కాలికి సాక్సూ బూటూ అయిపోయాక రెండో కాలి జోలికి వెళ్ళాలా? 1974లో అమెరికన్ టెలివిజన్ మీద ఒక మామా ఒక అల్లుడూ ఈ విషయమై తగువు పెట్టుకున్నారు. అల్లుడు తన మానాన తాను ఒక కాలి పని ముగించుకుంటుంటే మామగారు చూసి ఊరుకోలేకపోయాడు. లోకమంతా సాక్సూ సాక్సూ, బూటూ బూటూ అనే వరసలో వేసుకుంటుంటే నీకీ వంకర బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నాడు. ఇంటికి నిప్పంటుకుని ఉన్నపళాన పరిగెత్తాల్సి వస్తే నా పద్ధతిలో రెండు కాళ్ళూ సమానంగా ఉంటాయి, నీ పద్ధతిలో ఒక కాలికే బూటుంటుంది, అప్పుడేం చేస్తావని నిలదీశాడు. అల్లుడు తగ్గలేదు. బయట వానో మంచో పడుతుంటే నీ పద్ధతిలో రెండు కాళ్ళూ తడుస్తాయి, నా పద్ధతిలో బూటున్న కాలి మీద గెంతుకుంటూ పోయి పొడిగా ఉంటానన్నాడు.

ఈ సీన్లో ఇదీ జోకు అని వేలుపెట్టి చూపించగలిగేది దాదాపు లేదు. ఇద్దరికీ నవ్వించాలన్న ధ్యాసే లేదు, గెలవాలన్న ధ్యాస తప్ప. మామ దృష్టిలో లోకానికి ఒక వరస ఉంది, దాన్ని తప్పినవాడల్లా లోకాన్ని చెడగొట్టేవాడే. నల్లవాళ్ళ గురించీ, యూదుల గురించీ, ఉద్యోగాలకెళ్ళే ఆడవాళ్ళ గురించీ ఆయన వాదన కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో నడుస్తుంది. అల్లుడేమీ తక్కువ తినలేదు. చదువుకున్నవాడు కదా, సరేలే అని ఊరుకుంటే పోయేదానికి కూడా ఒక సిద్ధాంతం లేవదీస్తాడు. వియత్నాం యుద్ధం మీద వాళ్ళిద్దరూ పడ్డ కొట్లాటలు ఇప్పుడు చూస్తే కొంత పాతబడ్డట్టు అనిపిస్తాయి. ఈ సాక్సు తగువు మాత్రం నిన్న రాసినట్టుంది.

ఆ షో పేరు ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’. దాన్ని అమెరికన్ ఇళ్ళలోకి తెచ్చినవాడు నార్మన్ లియర్. రచయిత, ప్రొడ్యూసర్. 1922 జూలై 27న కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, 101 ఏళ్ళు బతికి, 2023 డిసెంబర్ 5న లాస్ ఏంజెలెస్‌లో పోయాడు. 1974-75 సీజన్లో అమెరికాలో ఎక్కువమంది చూసిన పది షోల్లో ఐదు ఆయనవే. ఒక్క మనిషి దేశం సాయంత్రాలను అంతగా కమ్ముకోవడం అప్పటికి అరుదు, ఛానళ్ళు వందలయ్యాక ఇక అసాధ్యం.

షో గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఒక మామూలు ఇల్లు. ఇంటి యజమాని ఆర్చీ బంకర్, గోదాము దగ్గర పనిచేసే తెల్లజాతి శ్రామికుడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. భార్య ఈడిత్. కూతురు గ్లోరియా. ఆమె మొగుడు మైక్ కాలేజీలో చదువుకుంటూ, సంపాదన లేక మామగారింట్లోనే మకాం పెట్టిన వామపక్ష కుర్రాడు. ఇల్లరికపు అల్లుడి కథ మనకు చెప్పాలా? తిండి మామది, సిద్ధాంతాలు అల్లుడివి. ఒకే బల్ల దగ్గర రెండూ కూర్చోవాలి. హాలు, ఆ హాల్లోనే భోజనాల బల్ల, పక్కన వంటిల్లు, పైకి మెట్లు. ఎపిసోడ్లు చాలామటుకు ఆ సెట్టు దాటవు. హాలు నడుమ ఆర్చీ కుర్చీ. దాంట్లో ఇంకెవరైనా కూర్చుంటే ఇంట్లో గొడవే.

ఆ కుర్చీకి ఒక పూర్వకథ ఉంది. లియర్ తన ఆత్మకథలో, 2014లో వచ్చింది, చిన్ననాటి ఒక సాయంత్రాన్ని చెప్పాడు. తొమ్మిదేళ్ళ వయసప్పుడు తండ్రి దొంగ బాండ్లు అమ్మబోయి అరెస్టయ్యాడు. ఊరొదిలి వెళ్ళడానికి తల్లి ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టింది. తండ్రి రోజూ కూర్చునే ఎర్ర తోలు కుర్చీని ఎవరో బేరమాడుతున్నారు. ఆ గందరగోళంలో ఒకాయన పిల్లవాడి భుజం మీద చెయ్యేసి, ఇక ఈ ఇంటికి మగదిక్కువి నువ్వేనన్నాడు. ఏడ్చే పిల్లవాడితో అంత గంభీరంగా అంత అర్థంలేని మాట అనడం మనుషులకే చెల్లిందని, లోకంలో హాస్యం ఎక్కడుంటుందో తనకు మొదట తెలిసింది అప్పుడేనని లియర్ తరవాత చాలాసార్లు చెప్పుకున్నాడు. తండ్రి మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. పిల్లవాడు చుట్టాలిళ్ళలో పెరిగాడు.

తిరిగొచ్చిన తండ్రి మారలేదు. భార్య ఏదైనా చెప్పబోతే నోరు నొక్కుకోమని అరిచేవాడు. కొడుకును తెల్లపిల్లల్లో నీయంత బద్ధకస్తుణ్ణి చూడలేదని తిట్టేవాడు. ఒకణ్ణి తిట్టడానికి ఇంకో జాతి మొత్తాన్ని ఎందుకు కించపరుస్తావని కొడుకు అడిగితే, బద్ధకానికి తోడు తెలివితక్కువతనం కూడానా అనేవాడు. ఆర్చీ నోట వచ్చే తిట్లలో మంచి భాగం ఆ ఇంట్లోవే. ఆర్చీకీ మైక్‌కీ మధ్య జరిగేదంతా తండ్రితో తాను ముగించలేకపోయిన వాదనేనని లియర్ దాచుకోలేదు.

మధ్యలోని ఏళ్ళను తొందరగా దాటేస్తాను. బోస్టన్‌లో ఎమర్సన్ కాలేజీ చదువు మధ్యలో మానేసి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. బి-17 బాంబర్ విమానంలో రేడియో ఆపరేటర్‌గా, గన్నర్‌గా 52 సార్లు దాడులకు వెళ్ళొచ్చాడు. యుద్ధం అయ్యాక లాస్ ఏంజెలెస్‌లో ఎడ్ సిమన్స్ అనే మిత్రుడితో కలిసి ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్మాడు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి హాస్యం రాసేవాళ్ళు. పత్రికా విలేఖరినని ఏజెంటుకు అబద్ధం చెప్పి, డానీ థామస్ అనే కమెడియన్ ఫోను నంబరు సంపాదించి, తమ సరుకు ఆయనకే అమ్మాడు. అక్కణ్ణుంచి డీన్ మార్టిన్, జెర్రీ లూయిస్ జంటకు రాయడం, బడ్ యార్కిన్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టడం, సినిమాలు, 1967 నాటి ‘డివోర్స్ అమెరికన్ స్టైల్’ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్. ఇవన్నీ చేసిన హాలీవుడ్ రచయితలు ఇంకా ఉన్నారు. ఆయన ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

బ్రిటన్‌లో జానీ స్పైట్ రాసిన ‘టిల్ డెత్ అస్ డూ పార్ట్’ అనే బీబీసీ షో గురించి లియర్ చదివాడు. ఛాందసుడైన మామ, వామపక్ష అల్లుడు. ఇది మా నాన్నా నేనూ కదా అనుకున్నాడు. హక్కులు కొని 1968లో ఒకటి, 1969లో ఒకటి, రెండు నమూనా ఎపిసోడ్లు తీశాడు. డబ్బు పెట్టిన ఏబీసీ ఛానల్ రెండింటినీ వద్దంది. చివరికి సీబీఎస్ కొత్త అధ్యక్షుడు రాబర్ట్ వుడ్ ధైర్యం చేశాడు. మామగా క్యారల్ ఓకానర్, ఈడిత్‌గా జీన్ స్టేపుల్టన్ మొదటినుంచీ ఉన్నారు. గ్లోరియాగా శాలీ స్ట్రదర్స్, మైక్‌గా రాబ్ రైనర్ మూడోసారికి కుదిరారు. 1971 జనవరి 12న మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది.

ఆ ఎపిసోడ్ లియర్ రాసిందే. అందులో ఒక చిన్న మాట కోసం ఆయన పడిన పట్టుదల తెలుసుకోదగ్గది. ఆదివారం పొద్దున ఆర్చీ, ఈడిత్ చర్చికి వెళ్తారు. ప్రసంగం నచ్చక ఆర్చీ మధ్యలోనే లేచి వచ్చేస్తాడు. ఇల్లు ఖాళీగా దొరికిందని పడకగదికి బయల్దేరిన కుర్రజంట పట్టుబడిపోతుంది. అప్పుడు ఆర్చీ టైము చెప్తాడు. ఆదివారం, పొద్దున పదకొండూ పది. అంతే. ఆ టైము తీసెయ్యమని సీబీఎస్ పట్టుబట్టింది. సీన్ ఉంచుకోండి, ఆ ఒక్క మాట వద్దంది. ఆ మాట ఉంటే వాళ్ళెందుకు పైకి వెళ్తున్నారో చూసేవాడు ఊహించుకుంటాడట. ఊహించుకోవాలనే కదా రాసింది! తీస్తే రేపణ్ణుంచి నేను రానని లియర్ చెప్పేశాడు. ఆఖరి నిమిషం దాకా నడిచిన గొడవలో ఛానలే తగ్గింది.

లియర్ పనితనం ఇందులో రెండు వైపులా కనిపిస్తుంది. మొదట రచయితగా చూడండి. ఒక్క బూతు లేకుండా, ఒక్క సైగ లేకుండా గడియారం ముల్లుతో పనయిపోయింది. పైగా ఆర్చీ దృష్టిలో నేరం ఆ పని కాదు, ఆ వేళ. సాక్సుల వరస లాగే దానికీ ఒక వరస ఉంది. ఇక ప్రొడ్యూసర్‌గా ఆయనకు తెలిసిందేమిటంటే, మొదటి రోజు ఈ చిన్న మాట వదులుకుంటే రేపు పెద్దది వదులుకోమంటారు. తాను అంత రాద్ధాంతం చేసింది అందుకేనని తరవాత చెప్పాడు. ప్రేక్షకుల కోపానికి భయపడి, ఇది మన బలహీనతల మీద నవ్వుకోవడానికేనని ఛానల్ ముందు ఒక ప్రకటన వేసింది, ఫోన్లు ఎత్తడానికి అదనంగా మనుషుల్ని కూర్చోబెట్టింది. ఫోన్లు పెద్దగా రాలేదు. చూసినవాళ్ళూ మొదట్లో తక్కువే. వేసవిలో తిరిగి వేసినప్పుడు జనం పట్టుకున్నారు. తరవాత ఐదు సీజన్లు వరసగా దేశంలో మొదటి స్థానం దానిదే. 1971 మే నెలలో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు నిక్సన్ తన మనుషులతో ఈ షో మీద విసుక్కోవడం ఆయన పెట్టుకున్న టేపుల్లోనే రికార్డయింది. స్వలింగ సంపర్కుణ్ణి మామూలు మనిషిగా, అదీ ఫుట్‌బాల్ ఆడిన బలశాలిగా చూపించారని ఆయన బాధ.

ఈ షోను నాటకంలా తీశారు. మొదటి ఎనిమిది సీజన్లూ ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, వీడియో టేపు మీద, వరస తప్పకుండా ఆడారు. డబ్బాల్లోంచి తీసి అతికించే నవ్వులు లేవు. దీనివల్ల నటుడు నవ్వు అణిగేదాకా మొహంతో ఆగాలి. ఆ ఆగడంలోనే ఓకానర్ గొప్పతనం. 1972లో ‘శామీస్ విజిట్’ అనే ఎపిసోడ్లో నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్ ఆర్చీ ఇంటికి వస్తాడు. బిల్ డేనా రాసిన ఎపిసోడ్ అది. చివర్లో ఫొటో దిగుతుంటే సరిగ్గా కెమెరా క్లిక్కుమనే క్షణంలో డేవిస్ ఆర్చీ బుగ్గ మీద ముద్దు పెడతాడు. నవ్వు ఎంతకీ ఆగదు. ఓకానర్ ఆ నవ్వు కింద ఏమీ చెయ్యడు, బిగుసుకుపోయి ఉంటాడంతే. నేపథ్య సంగీతం పెట్టి, మొహాలు మార్చి మార్చి చూపించి ఇదిగో నవ్వండి అని చెప్పే మన టీవీ కామెడీ వాళ్ళు ఈ ఒక్క నిమిషం చూస్తే బాగుండు.

ఓకానర్‌కూ లియర్‌కూ పడేది కాదు. ‘ద ఎలివేటర్ స్టోరీ’ స్క్రిప్టు వచ్చినప్పుడు ఓకానర్ చెయ్యనన్నాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. లోపల ఆర్చీ, నాజూకైన ఒక నల్లజాతి పెద్దమనిషి, కంగారుపడే ఒకామె, పోర్టోరికో నుంచి వచ్చిన ఒక జంట. ఆ జంటలో భార్య నిండు గర్భిణి, అక్కడే నొప్పులొస్తాయి. ఇరుకు డబ్బాలో పురుడేమిటి, ఇది ఆడటం అయ్యే పని కాదని ఓకానర్ వాదన. లాయర్ల దాకా వెళ్ళింది. లియర్ కదల్లేదు. ఎందుకంటే ఆయనకు కావలసింది పురుడు కాదు, ఆర్చీ మొహం. కెమెరా ఆ మొహం మీదే ఉంటుంది. బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. అంతసేపూ ఆ జాతినంతా ఈసడించిన మనిషి మొహంలో ఏదో కరుగుతుంది, ఆ కరిగింది ఎవరికీ కనబడకూడదని ఆయన తంటాలు పడతాడు. 1972 జనవరి 1న ప్రసారమైన ఆ ఎపిసోడ్లో ఆర్చీ మారడు. వచ్చే వారం మళ్ళీ అదే నోరు. పాత్రను మార్చకుండా పాత్ర లోపలి గదిని ఒక్కసారి తలుపు తీసి చూపించడం లియర్ పద్ధతి.

అన్నీ ఆయన చేత్తో రాసినవి కావు. రెండు వందలకు పైగా ఎపిసోడ్లు ఒక్కడు రాయగలిగేవి కావు. బల్ల చుట్టూ రచయితలుండేవారు. రోజూ పేపర్లు చదవండి, మీ పిల్లల్నీ మీ కాపురాల్నీ గమనించండి, కథలు అక్కణ్ణుంచి పట్టుకురండి అని వాళ్ళకు చెప్పేవాడు. రాసేటప్పుడు నెత్తి గోక్కునే అలవాటు మాన్పించుకోవడానికి పెట్టుకున్న తెల్ల టోపీ చివరికి ఆయన గుర్తే అయిపోయింది. పేరు ఎవరిదైనా, ప్రతి స్క్రిప్టులో తప్పకుండా కనిపించేది ఒకటుంది. తగువులో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. స్పైట్ రాసిన బ్రిటిష్ మామలో విషం తప్ప ఇంకేం లేదు. లియర్ ఆ ఇంట్లోకి ఈడిత్‌ను ఈ రూపంలో తెచ్చాడు. వంటింట్లోంచి హడావిడిగా పరుగులాంటి నడకతో వచ్చి, అమాయకంగా ఒక మాట అని వెళ్ళిపోతుంది. ఇద్దరు మగవాళ్ళూ అరగంట అరిచి తేల్చలేనిది ఆ మాటలో తేలిపోతుంది. జీన్ స్టేపుల్టన్ ఆ పాత్రను తెలివితక్కువదిగా ఎప్పుడూ ఆడలేదు.

ఇక ఆక్షేపణ. ఆర్చీని చూసి జనం సిగ్గుపడ్డారా, ముచ్చటపడ్డారా? 1974లో విడ్మార్, రోకీచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రేక్షకుల్ని పరిశీలిస్తే, జాతి ద్వేషం ఎక్కువున్నవాళ్ళు ఆర్చీనే మెచ్చుకుంటున్నారని తేలింది. వాళ్ళకది వెక్కిరింతగా తోచలేదు. ఇది లియర్‌కు ఇబ్బందికరమైన సంగతే. నన్నడిగితే ఇది తప్పించుకోగల లోపం కాదు. కన్యాశుల్కం చూసి గిరీశాన్ని అసహ్యించుకుని ఇంటికెళ్ళినవాళ్ళు ఎంతమంది? బతికున్న మనిషిలా పాత్రను రాస్తే జనం దానితో చనువు పెంచుకుంటారు. ఆ చనువు వద్దనుకుంటే చెక్కబొమ్మను రాయాలి. లియర్ తెలిసే మొదటిదాన్ని ఎంచుకున్నాడు, దాని ఖరీదు కూడా చెల్లించాడు.

మిగతా షోల్లో పనితనం ఎక్కువ తక్కువలుగా ఉంది. ‘మాడ్’లో 1972 నవంబర్లో నలభై ఏడేళ్ళ మాడ్ గర్భస్రావం చేయించుకోవాలా వద్దా అని రెండు ఎపిసోడ్ల పాటు మథనపడుతుంది. గర్భస్రావ హక్కు మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు రావడానికి రెండు నెలల ముందు. సూజన్ హారిస్ రాసిన ఆ రెండూ ఇప్పటికీ గట్టిగా నిలుస్తాయి. ‘గుడ్ టైమ్స్’ నల్లజాతి పేద కుటుంబం కథ. అందులో పెద్దకొడుకు పాత్ర రానురాను గెంతులకూ కేకలకూ పరిమితమైపోయింది. తల్లిదండ్రులుగా వేసిన నటులే గట్టిగా అభ్యంతరం చెప్పారు, వాళ్ళదే న్యాయం. టీవీలో నల్లవాళ్ళంటే ఎప్పుడూ పేదవాళ్ళేనా అని బ్లాక్ పాంథర్స్ పార్టీ వాళ్ళు ఆఫీసుకొచ్చి నిలదీశారని, డ్రై క్లీనింగ్ వ్యాపారంలో డబ్బు గడించిన కుటుంబం మీద ‘ద జెఫర్సన్స్’ తీయడానికి అదీ ఒక కారణమని లియర్ చెప్పాడు. తిట్టడానికి వచ్చినవాళ్ళ మాటలోంచి 11 సీజన్ల షో తీయడం కూడా ఒక విద్యే. అన్నట్టు, ఆ జెఫర్సన్‌కు ఆర్చీ అంత పెంకితనమూ ఉంటుంది, తెల్లవాళ్ళంటే ఈసడింపూ ఉంటుంది.

1978లో లియర్ ఈ షో రోజువారీ పని నుంచి తప్పుకున్నాడు. ఆ ఫిబ్రవరిలో వచ్చిన ఎపిసోడ్ ‘టూస్ ఎ క్రౌడ్’. అప్పటికి ఆర్చీ ఒక బారు కొన్నాడు. దాని సామాన్ల గదిలో రాత్రిపూట మామా అల్లుళ్ళిద్దరూ పొరపాటున చిక్కుకుపోతారు. చలి. తాగడానికి సరుకు మాత్రం ఉంది. నాలుగు చుక్కలు పడ్డాక ఆర్చీ చిన్నప్పటి సంగతి చెప్తాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో తండ్రి పని పోయింది, ఇంట్లో డబ్బు లేదు. ఒక కాలికి బూటు, రెండో కాలికి వేరే రకం జోడుతో బడికి వెళ్ళాల్సొచ్చింది. పిల్లలు ఆ రెండు జోళ్ళ పేర్లూ కలిపి ఆయనకో మారుపేరు పెట్టారు. ఆ పేరు వినగానే మనకు నవ్వొస్తుంది, మరుక్షణం నవ్వినందుకు సిగ్గేస్తుంది. మీ నాన్న నేర్పిన ద్వేషం తప్పని మైక్ అంటే, తనను ప్రేమించిన తండ్రి తప్పు ఎలా చెప్తాడని ఆర్చీ అడుగుతాడు. ఆ తండ్రి తనను కొట్టి కొట్టి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు, చీకటి గదిలో గంటల తరబడి పెట్టి తాళం వేసినవాడు. అదంతా తనను బాగుచెయ్యడానికేనని ఆర్చీ నమ్మకం. మైక్ జవాబు చెప్పలేడు. సాక్సు బూటు వరస మీద ఈ మనిషి అంత పట్టుబట్టడం నాలుగేళ్ళ తరవాత ఇక్కడ వేరేగా అర్థమవుతుంది. రచయితలు ముందే అనుకుని రాశారో లేదో గాని, పాత్రను అంత నిజంగా పట్టుకుంటే ఎక్కడెక్కడి ముడులూ వాటంతటవే కలుస్తాయి.

తరవాతి జీవితం పెద్దది. మతాన్ని రాజకీయంలో కలిపేవాళ్ళను ఎదుర్కోవడానికి 1981లో ‘పీపుల్ ఫర్ ది అమెరికన్ వే’ సంస్థ పెట్టాడు. 2000లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ప్రతుల్లో ఒకదాన్ని 80 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొని, ఊరూరా తిప్పి జనానికి చూపించాడు. తన పాత స్క్రిప్టులను కొత్త నటులతో లైవ్‌గా ఆడించినందుకు 2019లో, 97 ఏళ్ళ వయసులో ఎమ్మీ అవార్డు అందుకున్నాడు. ఆర్చీ కుర్చీ 1978 నుంచీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సొత్తు. అది మొదట పాత సామాన్ల కొట్లో కొన్నది.

చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఆర్చీ మాటలు నిజంగానే బాధపెట్టేవి, చిన్నపిల్లలతో కలిసి చూసేవి కావు. మొదటి సీజన్ నుంచి వరసగా మొదలుపెడితే విసుగొచ్చి మధ్యలో మానేస్తారు. ముందు 1974 నాటి ‘గ్లోరియా సింగ్స్ ద బ్లూస్’లో సాక్సుల తగువు చూడండి, తరవాత ‘ద ఎలివేటర్ స్టోరీ’, ఆ తరవాత ‘టూస్ ఎ క్రౌడ్’. ఈ మూడూ నచ్చకపోతే మిగతావి చూడనక్కరలేదు.